విరిగిన కొల్లేరు!

ఏలూరు జిల్లా పటం ఒకటి కంప్యూటర్‌తో గీయించాలి. పాత పశ్చిమగోదావరి పటం పనికిరాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక హద్దులు మారిపోయాయి కదా! చింతలపూడిలో డిగ్రీ చదివే కుర్రాడొకడు ఆ పనికి పూనుకున్నాడనుకుందాం. ప్రోగ్రామ్ రాయడం వాడికి కొత్తేమీ కాదు. తెల్లటి బొమ్మ ఒకటి తీసుకున్నాడు. హద్దు గీత గీశాడు. ఊరికో చుక్క పెట్టి, పక్కన పేరు రాయమన్నాడు. బటన్ నొక్కాడు. పటం తయారైపోయింది.

ఏలూరు బాగానే ఉంది. చింతలపూడి దగ్గరికొచ్చేసరికి చిన్న తేడా కనిపించింది. ‘చి’లో చకారానికి తలకట్టు అలాగే ఉండిపోయి, దాని నెత్తిన గుడి వచ్చి కూర్చుంది. దక్షిణాన ఉన్న సరస్సు దగ్గరికెళ్తే అసలు కథ బయటపడింది. అక్కడ ‘కొల్లేరు’ లేదు. ‘కొల్‌లేరు’ ఉంది! జంగారెడ్డిగూడెం కాస్తా ‘జంగారెడ్‌డిగూడెం’ అయిపోయింది.

టైపు చేసేటప్పుడు అక్షర దోషం లేదు. ఫాంట్ మంచిదే. అదే పేరును అదే కంప్యూటర్లో నోట్‌ప్యాడ్‌లో కొడితే లక్షణంగా వస్తోంది. మరి బొమ్మ మీదికి ఎక్కేసరికి వత్తు ఎక్కడికి పోయినట్టు? దీనికి జవాబు తెలియాలంటే కంప్యూటర్ బొమ్మలు ఎక్కడ గీస్తుందో, ఎలా గీస్తుందో ఓసారి చూడాలి.

తెర వెనక కాగితం

కంప్యూటర్ తెర మీద మనకు కనిపించే బొమ్మలన్నీ చుక్కల కుప్పలే. అడ్డంగా ఇన్ని చుక్కలు, నిలువుగా ఇన్ని చుక్కలు, ఒక్కో చుక్కకు ఒక్కో రంగు. దీన్నే బిట్‌మ్యాప్ అంటారు. ఏలూరు తివాచీ చూసినవాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. పర్షియా నుంచి వచ్చిన పనివాళ్ళు ఇక్కడివాళ్ళకు నేర్పిన విద్య అని చెబుతారు దాన్ని. నేతగాడు పువ్వును గీయడు. ఒక్కో ముడీ వేసుకుంటూ పోతాడు. ఈ ముడి ఎరుపు, పక్క ముడి నీలం. దగ్గర నుంచి చూస్తే ముడులే. రెండడుగులు వెనక్కి జరిగితే పువ్వు! బిట్‌మ్యాప్ కూడా అంతే. ముడికి బదులు చుక్క.

ఈ చుక్కల లెక్కంతా కంప్యూటర్ మెమరీలో ఉంటుంది. జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో 1973లో తయారైన ఆల్టో అనే కంప్యూటర్‌కు 606 అడ్డ చుక్కలు, 808 నిలువు చుక్కలు ఉన్న తెర ఉండేది. చుక్క నలుపో తెలుపో, అంతే. ఆ కాస్త లెక్కకే దాదాపు 61 వేల బైట్లు కావాలి. ఆ యంత్రం మొత్తం మెమరీ 128 కిలోబైట్లు. అంటే తెర ఒక్కటే దగ్గర దగ్గర సగం మెమరీ తినేసేదన్నమాట! అదే జిరాక్స్‌లో డాన్ ఇంగాల్స్ అనే ఇంజినీరు, ఒకచోట ఉన్న చుక్కల దిమ్మను ఎత్తి ఇంకోచోట దింపే కిటుకును 1970ల్లో కనిపెట్టాడు. దాని పేరు బిట్‌బ్లిట్. ఆ పేరు విండోస్‌లో నేటికీ ఉంది.

ఎత్తి దింపడం ఎందుకు, నేరుగా తెర మీదే గీసేస్తే పోలా అనిపించవచ్చు. గీయొచ్చు. కానీ తెల్లగా తుడవడం, గీత గీయడం, రంగు వేయడం... ఈ సగం సగం పనులన్నీ చూసేవాళ్ళ కళ్ళలో పడతాయి. బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. నాటకంలో రంగం మార్చేటప్పుడు తెర దించేది ఇందుకే కదా! సింహాసనం మోసుకెళ్ళే మనిషి ప్రేక్షకుడికి కనిపించకూడదు. తెర లేచేసరికి దర్బారు సిద్ధంగా ఉండాలి.

ప్రోగ్రామర్లు చేసేదీ ఇదే. ముందు మెమరీలో ఓ కాగితం తీసుకుంటారు. బొమ్మంతా దాని మీద గీస్తారు. పూర్తయ్యాక ఒక్క దెబ్బతో తెర మీదికి దించేస్తారు. విండోలు, బటన్లు, మెనూలు తయారు చేసుకోవడానికి ఉన్న పనిముట్ల పెట్టెలను టూల్‌కిట్లు అంటారు. వాటన్నిట్లోనూ ఈ ఏర్పాటు ఉంటుంది. 1992లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో జూలియన్ స్మార్ట్ మొదలుపెట్టిన డబ్ల్యుఎక్స్‌విడ్జెట్స్‌లో ఆ కాగితం పేరు డబ్ల్యుఎక్స్‌బిట్‌మ్యాప్, దాని మీద గీసే చెయ్యి డబ్ల్యుఎక్స్‌మెమరీడీసీ. నార్వేలో పుట్టి 1995లో బయటికొచ్చిన క్యూటీలో అయితే కాగితం క్యూపిక్స్‌మ్యాప్, చెయ్యి క్యూపెయింటర్. పేర్లు వేరు, పని ఒకటే.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇక్కడ రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. మొదటిది, మెమరీలో తీసుకున్న కాగితం తెల్లగా ఉంటుందన్న పూచీ లేదు. అంతకుముందు ఆ చోట ఉన్న చెత్తంతా చుక్కలుగా కనిపించవచ్చు. కాబట్టి ముందుగా ఓ రంగుతో శుభ్రంగా తుడవాలి. వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లాకే కదా ముగ్గు వేసేది! రెండోది, డబ్ల్యుఎక్స్‌లో గీయడం అయిపోయాక ఆ చేతి నుంచి కాగితాన్ని విడిపించాలి. విడిపించకుండా వాడబోతే పేచీ పెడుతుంది.

ఇంతవరకూ మన కుర్రాడు అన్నీ సరిగానే చేశాడు. ఇబ్బంది వచ్చింది అక్షరం దగ్గర.

వత్తు పెట్టేదెవరు?

‘కొల్లేరు’ మన కంటికి మూడక్షరాలు. కంప్యూటర్‌కు ఎనిమిది. క, ఒత్వం, ల, పొల్లు, మళ్ళీ ల, ఏత్వం, ర, కొమ్ము. యూనికోడ్ పద్ధతిలో తెలుగును దాచుకునేది ఇలాగే. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గళ్ళు కేటాయించారు. అందులో ‘ల్లే’ అనే అక్షరం లేదు. ‘ల’ ఉంది, పొల్లు ఉంది, ఏత్వం ఉంది. కలుపుకోవడం మన పని.

ఆ కలపడంలోనే ఉంది కిటుకంతా. ‘ల్లే’ ఎలా రాస్తామో ఒక్కసారి చూడండి. ఏత్వం మొదటి ‘ల’ నెత్తి మీదికి ఎక్కుతుంది. రెండో ‘ల’ వత్తుగా మారి కిందికి దిగుతుంది. మెమరీలో ఉన్న వరుసలో మాత్రం ఏత్వం అన్నిటికన్నా చివర! అంటే చివర ఉన్నదాన్ని ముందుకు తెచ్చి పైన పెట్టాలి. మధ్యలో ఉన్నదాని ఆకారం మార్చి కింద పెట్టాలి. పొల్లును మాయం చేయాలి. ‘చి’లో అయితే తలకట్టు తీసేసి గుడి పెట్టాలి. ఒకటో తరగతిలో పంతులుగారు పలక మీద దిద్దించిన పాఠమే ఇది. కంప్యూటర్‌కూ ఎవరో ఒకరు దిద్దించాలి.

పాత అచ్చాఫీసుల్లో ఈ పని కంపోజిటర్‌ది. ముందున్న గళ్ళలోంచి అక్షరం ఒకటి, వత్తు ఒకటి చేత్తో ఏరి పేర్చేవాడు. కంప్యూటర్లో ఆ కంపోజిటర్ ఒక సాఫ్ట్‌వేర్. అక్షరాల వరుస తీసుకుని, ఫాంట్‌లో ఉన్న నియమాలు చదివి, ఏ ఆకారం ఎక్కడ కూర్చోవాలో తేలుస్తుంది. ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లలో, లిబ్రేఆఫీస్‌లో ఈ పని చేసేది హర్ఫ్‌బజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. పేరు పర్షియన్ భాషది. ‘హర్ఫ్’ అంటే అక్షరం, ‘బాజ్’ అంటే తెరిచినది. తివాచీ ముడి పర్షియా నుంచి ఏలూరు వచ్చిందనుకుంటే, కొల్లేరు పేరులోని వత్తును దాని చోట కూర్చోబెడుతున్నదీ పర్షియన్ పేరున్న పనిముట్టే!

విండోస్ ఎక్స్‌పీ రోజులు గుర్తున్నవాళ్ళకు ఈ తంటా తెలిసే ఉంటుంది. 2001లో వచ్చిన ఆ విండోస్‌లో గౌతమి అనే తెలుగు ఫాంట్ ఉండేది. అయినా చాలా కంప్యూటర్లలో కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్’ అన్నచోట టిక్ పెట్టి, సీడీ అడిగితే వేసి, మళ్ళీ స్టార్ట్ చేస్తే గానీ వత్తులు కుదురుకునేవి కావు. ఫాంట్ ఉన్నంత మాత్రాన చాలదని, కంపోజిటర్ కూడా కావాలని మనవాళ్ళకు అప్పుడే తెలిసొచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన పేర్లతో యూనికోడ్ ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. వాటిలోనూ ఈ కలిపే నియమాలన్నీ ఉన్నాయి. చదివి అమలు చేసేవాడు ఉండాలి, అంతే.

మన కుర్రాడి పటంలో లేనిది ఆ కంపోజిటరే. వాడు పటం గీయించింది పైథాన్‌లోని పిల్లో అనే బొమ్మల లైబ్రరీతో అనుకోండి. పిల్లోకు రెండు పద్ధతులున్నాయి. ఒకటి సాదా పద్ధతి. అక్షరాలను వచ్చిన వరుసలోనే పక్కపక్కన పెట్టేస్తుంది. ఇంగ్లిష్‌కు అది చాలు. తెలుగుకు చాలదు. రెండోది రాక్మ్ అనే లైబ్రరీ సాయంతో నడిచేది. అది హర్ఫ్‌బజ్‌ను పిలుచుకొచ్చి వత్తులు పెట్టిస్తుంది. చిక్కేమిటంటే, రాక్మ్ అందుబాటులో లేకపోతే పిల్లో మాటమాత్రం చెప్పకుండా సాదా పద్ధతికి దిగిపోతుంది. తప్పు జరిగినట్టు ఎర్రగీత రాదు, హెచ్చరిక రాదు. కొల్లేరు మాత్రం విరిగిపోతుంది.

టూల్‌కిట్ల సంగతి వేరు. క్యూటీ తనతోపాటు హర్ఫ్‌బజ్‌ను వెంటేసుకుని తిరుగుతుంది. డబ్ల్యుఎక్స్ ఆ పనిని కంప్యూటర్‌లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కే అప్పగిస్తుంది. కాబట్టి వీటిలో మెమరీ కాగితం మీద పేరు రాయమంటే, తెలుగు ఫాంట్ ఉంటే చాలు, సాధారణంగా కుదురుగానే వస్తుంది.

ఒక పటంలో ఒక పేరు తప్పితే కొంపలేం మునిగాయని తీసిపారేయకండి. ఇదే పద్ధతిలో బడిలో మూడొందల మంది పిల్లలకు ఆటల పోటీల సర్టిఫికెట్లు తయారు చేయొచ్చు. గుర్తింపు కార్డులు చేయొచ్చు. ఎక్సెల్ పట్టికలోని పేర్లు ఒక్కొక్కటే తీసుకుని, ఖాళీ నమూనా మీద రాసి, ఫైలుగా దాచేసే ప్రోగ్రామ్ నలభై లైన్లు దాటదు. అందులో ‘లక్ష్మి’ వస్తుంది, ‘కృష్ణ’ వస్తాడు, ‘వెంకటేశ్వర్లు’ వస్తాడు. పరుగు పందెంలో మొదటి బహుమతి తెచ్చుకున్న పిల్ల, ఇంటి గోడకు తగిలించుకునే కాగితం మీద ‘లక్‌ష్‌మి’ అని చూసుకుంటే ఎలా ఉంటుంది?

ఫోన్లను పడగొట్టిన అక్షరం

ఈ కంపోజిటర్ పని ఎంత చిక్కుదో ప్రపంచం మొత్తానికీ తెలిసిన రోజొకటి ఉంది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను పడగొట్టింది! ఆ అక్షరం ‘జ్ఞా’. అయితే మామూలు ‘జ్ఞా’ కాదు. జ, పొల్లు, ఞ... ఆ తర్వాత దీర్ఘానికి ముందు కంటికి కనిపించని గుర్తొకటి ఉండాలి. దాని పని ‘ఇక్కడ అతకవద్దు’ అని చెప్పడం. ‘వెబ్‌సైట్’ అని రాసేటప్పుడు ‘స’ వత్తుగా కిందికి దిగకుండా ఆపేది ఆ గుర్తే. తెలుగులో రోజూ వాడేదే. అనుకోని చోట పడేసరికి యాపిల్ సాఫ్ట్‌వేర్ తికమకపడింది. ఆ అక్షరం ఉన్న మెసేజ్ తెరవగానే యాప్ కుప్పకూలేది.

ఆ సంవత్సరం ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి యాపిల్ దాన్ని సరిదిద్దింది. అక్షరాలు పేర్చే విభాగంలో మెమరీ దెబ్బతినడమే కారణమని చెప్పింది. మ్యాక్ కంప్యూటర్లకూ, వాచీలకూ కూడా అప్‌డేట్లు ఇవ్వాల్సి వచ్చింది. అప్పట్లో చాలామంది ‘తెలుగు దెబ్బ’ అని నవ్వుకున్నారు. నిజానికి తప్పు అక్షరానిది కాదు, దాన్ని సరిగా నేర్చుకోని యంత్రానిది. అంత పెద్ద కంపెనీకే తప్పలేదంటే, మన కుర్రాడి పటంలో కొల్లేరు విరగడం పెద్ద వింతేమీ కాదు.

చుక్కలయ్యాక అక్షరం మిగలదు

కుర్రాడు సంగతి కనిపెట్టి, రాక్మ్ తెచ్చుకుని, పటం సరిచేశాడనుకుందాం. ‘కొల్లేరు’ నిండుగా వచ్చింది. అయినా కథ అయిపోలేదు. ఇంకో నష్టం ఉంది. అది కంటికి కనిపించదు.

అక్షరంగా ఉన్నప్పుడు ‘కొల్లేరు’ మెమరీలో ఎనిమిది గుర్తులు. యూనికోడ్‌లో సాధారణంగా వాడే పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 24 బైట్లు. అదే పేరును 400 చుక్కల వెడల్పు, 150 చుక్కల ఎత్తున్న బొమ్మగా గీస్తే, చుక్కకు నాలుగు బైట్ల లెక్కన రెండు లక్షల నలభై వేల బైట్లు! సరిగ్గా పది వేల రెట్లు. అంత చోటు తీసుకున్నాక అందులో ‘కొల్లేరు’ ఉందా? లేదు. కొన్ని నల్ల చుక్కలున్నాయి, కొన్ని తెల్ల చుక్కలున్నాయి. వాటిలో సరస్సు పేరు మనకు కనిపిస్తుంది. కంప్యూటర్‌కు కనిపించదు. వెతికితే దొరకదు. కాపీ చేసుకుంటే రాదు. చూపు లేనివాళ్ళు కంప్యూటర్ వాడాలంటే తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ లాంటి సాఫ్ట్‌వేర్లున్నాయి. అవి తెలుగును చదవగలవు. బొమ్మ ఎదురైతే మాత్రం ‘ఇక్కడో బొమ్మ ఉంది’ అని ఊరుకుంటాయి.

ఇప్పుడు మీ ఫోన్లో వాట్సాప్ ఓసారి తెరిచి చూడండి. శుభోదయం దగ్గర నుంచి నీళ్ళ సరఫరా ఆపేస్తున్నామన్న ప్రకటన దాకా, పెళ్ళి పిలుపు దగ్గర నుంచి పరీక్షల తేదీల దాకా ఎన్ని తెలుగు మాటలు బొమ్మలుగా వస్తున్నాయో లెక్కపెట్టండి. ఒకప్పుడు ఇందుకు కారణం ఉండేది. అవతలివాళ్ళ ఫోన్లో తెలుగు కనిపిస్తుందో, డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తుందో తెలిసేది కాదు. బొమ్మగా పంపితే బెంగ లేదు. ఆ రోజులు పోయాయి. అలవాటు మాత్రం ఉండిపోయింది. ఆరు నెలల తర్వాత ఆ పరీక్ష తేదీ కోసం వెతికితే ఫోన్ చేతులెత్తేస్తుంది.

పుస్తకాల విషయంలో ఈ నష్టం ఇంకా పెద్దది. ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి మిలియన్ బుక్ ప్రాజెక్టుకు నాయకత్వం వహించారు. 2007 నాటికి పదిహేను లక్షలకు పైగా పుస్తకాలు స్కాన్ అయ్యాయి. వాటిలో తెలుగువీ వేలల్లో ఉన్నాయి. ఏ మూలో చెదలు పట్టిపోవాల్సిన పుస్తకాలు ఆ పుణ్యాన మిగిలాయి. మిగిలింది మాత్రం పేజీల బొమ్మలు. చదువుకోవచ్చు. కానీ ‘కొల్లేరు గురించి ఎవరెవరు ఏమేం రాశారు?’ అని అడిగితే ఆ బొమ్మలు జవాబు చెప్పలేవు.

చుక్కల్లోంచి మళ్ళీ అక్షరాన్ని రాబట్టే పని చాలా ఏళ్ళ నుంచి సాగుతోంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అతుల్ నేగి, చక్రవర్తి భగవతి బృందం 2001లోనే తెలుగు ఓసీఆర్ మీద పరిశోధన పత్రం వెలువరించింది. ఇప్పుడు ఓసీఆర్ ఎంతో మెరుగైంది. అయినా తెలుగు వికీసోర్స్‌లో ఔత్సాహికులు ఇప్పటికీ బొమ్మను ఓ పక్కన, అక్షరాలను ఓ పక్కన పెట్టుకుని పేజీ తర్వాత పేజీ సరిచూస్తున్నారు. వత్తు పక్కకు జరిగితే ఏ అక్షరానిదో యంత్రం తేల్చుకోలేకపోవడం ఇందులో మామూలే. అక్షరాన్ని చుక్కలుగా మార్చడానికి సెకనులో వందో వంతు పట్టదు. చుక్కల్ని అక్షరంగా మార్చడానికి ఇంతమంది ఇన్నేళ్ళుగా కూర్చున్నారు!

అందుకని బొమ్మలు గీయడం మానేయమని కాదు. పటం బొమ్మే అవుతుంది, సర్టిఫికెట్ బొమ్మే అవుతుంది. మెమరీలో కాగితం పరిచి గీయడం అందమైన విద్య. చేయాల్సిందల్లా నాలుగు జాగ్రత్తలు.

మొదటిది: ప్రోగ్రామ్ రాసేవాళ్ళు పని మొదలుపెట్టేముందే ‘కొల్లేరు’, ‘లక్ష్మి’, ‘విజ్ఞానం’ అనే మూడు మాటలు గీయించి చూడండి. పిల్లో వాడేవాళ్ళు రాక్మ్ ఉందో లేదో దాన్నే అడగొచ్చు. అది చెబుతుంది. ఇంగ్లిష్ పేరుతో పరీక్షిస్తే ఏ తప్పూ బయటపడదు.

రెండోది: బొమ్మ తయారయ్యాక దానికి మూలమైన పేర్ల పట్టికను పారేయకండి. ఊరి పేరు, పటంలో దాని చోటు, రంగు... ఇవి అక్షరాలుగా ఓ ఫైలులో ఉంటే రేపు జిల్లా హద్దు మళ్ళీ మారినా నిమిషంలో కొత్త పటం గీయించుకోవచ్చు.

మూడోది: వెబ్‌సైట్‌లో బొమ్మ పెడితే, అందులో ఏముందో ఒక వాక్యం తెలుగులో రాసి దానికి జతచేసే వీలుంటుంది. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ వాక్యాన్ని చదువుతుంది.

నాలుగోది ప్రోగ్రామ్ రాయనివాళ్ళకు. పండగ శుభాకాంక్షలు బొమ్మగా పంపండి, ఎవరూ కాదనరు. కానీ తేదీ, సమయం, ఫోన్ నంబరు, చిరునామా ఉన్న సమాచారాన్ని కింద రెండు లైన్లు టైపు చేసి కూడా పంపండి. చింతలపూడిలో బస్సెక్కి ఏలూరు ఆసుపత్రికి వెళ్ళే పెద్దాయన, ఏ రోజు రమ్మన్నారో ఫోన్లో వెతుక్కున్నప్పుడు అది దొరకాలి కదా!